పిస్టల్‌కు మూడు తాళాలు: ఏడాది వాడకం తరువాత నా సమీక్ష

మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారులో, నేనూ నా భార్యా కలిసి ఒక గ్యాస్ స్టేషన్ స్టోరు నడుపుతున్నాము. రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు దోపిడీ జరిగిన తరువాత ఇద్దరమూ ఆలోచించుకొని, శిక్షణ తరగతికి వెళ్లి, వెంట తీసుకువెళ్లే లైసెన్సు పొంది, ఒక పిస్టల్ కొన్నాము. స్టోరులో ఉన్నంతసేపూ అది నా నడుముకే ఉంటుంది. రాత్రి ఇంటికి వచ్చాక అది ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న, ఎందుకంటే ఇంట్లో పద్నాలుగేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి ఉన్నారు. మొదటి కొన్ని నెలలు అది అలమర పై అరలో, చలికోట్ల వెనుక, ఒక బూట్ల పెట్టెలో ఉండేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నా, దాచిపెడితే ఈ సమీక్షకు అర్థం ఉండదు. ఇలాంటి బూట్ల పెట్టెలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయని నాకు తెలుసు.

నేను వాడి చూసినవి మూడు వస్తువులు: పోలీసులు ఉచితంగా ఇచ్చే కేబుల్ లాక్ (పిస్టల్‌లోంచి దూర్చి బిగించే తీగ తాళం), వేలిముద్రతో తెరుచుకునే పెట్టె, బ్యాటరీ అవసరం లేని మీటల తాళం ఉన్న ఉక్కు పెట్టె. వీటిని కొనే ముందు నాకు ఒక కొలమానం దొరికింది. మా ప్రాంతపు శాసనసభ్యురాలు గ్రంథాలయంలో ఒక సాయంత్రం సభ పెట్టి, తుపాకీ భద్రత చట్టాలు ఇంకా ఎందుకు గట్టిపడాలో గంటసేపు వివరించారు. ఆమె చెప్పిన ప్రతి అంశాన్నీ ఆ తరువాత నా ఇంట్లోని తాళాలతో పోల్చి చూసుకున్నాను. అందువల్ల ఆమె వాదన ముందు చెప్పి, వస్తువుల సంగతి తరువాత చెబుతాను.

మా రాష్ట్రంలో తుపాకీని భద్రంగా ఉంచాలన్న చట్టంపై గవర్నర్ గ్రెచెన్ విట్మర్ 2023 ఏప్రిల్‌లో సంతకం చేశారు. అది 2024 ఫిబ్రవరి 13 నుంచి, అంటే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగిన నాటికి సరిగ్గా ఏడాది నుంచి, అమలులో ఉంది. మైనర్లు ఉన్న ఇంట్లో గాని, వారు వచ్చే అవకాశం ఉందని యజమానికి తెలిసిన చోట గాని, కాపలా లేకుండా వదిలిన తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉండాలి, లేదా తూటాలు తీసివేసి తుపాకీకే తాళం బిగించి ఉండాలి. అలా చేయనందువల్ల మైనరు చేతికి చిక్కిన ఆయుధం ఎవరి ప్రాణమైనా తీస్తే, ఆ ప్రాణం ఆ పిల్లవాడిదే అయినా సరే, యజమానికి 15 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మనిషి వెంట ఉన్న తుపాకీకి ఈ నిబంధన వర్తించదు. ఈ చివరి వాక్యం నాలాంటి దుకాణదారులు శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే చట్టం మన చేతిలోని ఆయుధాన్ని లాక్కుంటుందన్న భయం దానితో తీరిపోతుంది.

సభలో శాసనసభ్యురాలు ఎక్కువసేపు మాట్లాడినది మా రాష్ట్రంలోనే ఉన్న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ గురించి. 2021 నవంబరు 30న అక్కడ నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్చినది పదిహేనేళ్ల విద్యార్థి, కాల్చిన పిస్టల్ తండ్రి కొన్నది. 2024లో ఆ తల్లిదండ్రులను వేర్వేరు విచారణల్లో జ్యూరీలు దోషులుగా తేల్చాయి, ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది. ఆ విచారణల్లో బయటపడిన రెండు వివరాలు నన్ను ఈ రోజుకీ వదలలేదు. మొదటిది, పిస్టల్‌తో పాటు దుకాణం ఇచ్చిన కేబుల్ లాక్ ప్యాకెట్ కూడా విప్పకుండా అలాగే దొరికింది. రెండవది, ఆ ఇంట్లో మిగతా తుపాకులు ఉంచిన పెట్టె అంకెల తాళం కంపెనీ పెట్టిన మూడు సున్నాల మీదే ఉంది. శాసనసభ్యురాలి వాదనకు మూలం ఇక్కడే ఉంది. నలుగురు పిల్లలు పోయిన తరువాత, నరహత్య చట్టాన్ని పట్టుకొని జ్యూరీ చెప్పవలసి వచ్చిన మాటను ముందే చెప్పే చట్టం అప్పట్లో రాష్ట్రంలో లేదు. తాళం అమ్మకందారు చేతి నుంచి కొనుగోలుదారు చేతికి వచ్చింది గాని, దాన్ని బిగించవలసిన బాధ్యత ఎవరిదో ఏ చట్టమూ చెప్పలేదు.

కేంద్ర చట్టంలో ఇప్పటికీ పరిస్థితి ఇదే. 2005లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న వ్యాపారి పిస్టల్ అమ్మినప్పుడు దానితో పాటు ఒక భద్రతా పరికరం ఇచ్చి తీరాలి. ఇవ్వడం తప్పనిసరి, వాడడం ఐచ్ఛికం. నా పిస్టల్‌తో కూడా ఒక కేబుల్ లాక్ వచ్చింది, నేను కూడా దాన్ని తాళంచెవులతో సహా పెట్టెలోనే వదిలేశాను. సభ ముగిశాక కారులో కూర్చున్నప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఇంట్లోని విప్పని ప్యాకెట్టూ, నా అలమరలోని విప్పని ప్యాకెట్టూ ఒకటేనన్న సంగతి తట్టి చాలాసేపు కారు కదిలించలేకపోయాను.

ఆ రాత్రే కేబుల్ లాక్ బిగించాను. గ్రంథాలయం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి పోలీసులు పంచినవి కూడా ఇలాంటివే. దేశమంతటా తుపాకీ పరిశ్రమ సంఘం నడిపే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం కింద స్థానిక పోలీసుల ద్వారా ఇవి ఉచితంగా దొరుకుతాయి. వాడే పద్ధతి సులభమే: ముందు తూటాలు ఉండే మ్యాగజీన్ తీసివేయాలి, స్లయిడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి, పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటపడే కిటికీలోంచి తీగను లోపలికి పంపి మ్యాగజీన్ వచ్చే దారిలోంచి బయటకు తీసి తాళం నొక్కాలి. తీగ అడ్డుగా ఉన్నంతవరకు స్లయిడ్ మూసుకోదు, మ్యాగజీన్ లోపలికి పోదు. ఏడేళ్ల పిల్లవాడి విషయంలో ఇది నిజంగా రక్షణ ఇస్తుంది. పైగా దీన్ని బిగించాలంటే తూటాలు తీయక తప్పదు కాబట్టి, ఆ అలవాటు కూడా చేతికి వస్తుంది.

దీని లోపం తాళంచెవి. మొదటి వారం దాన్ని వంటింటి సొరుగులో పెట్టాను, తరువాత నా పర్సులో, ఆ తరువాత దేవుడి గదిలో విభూతి డబ్బా వెనుక. ప్రతిసారీ దాన్ని కొత్త చోటుకు మార్చినప్పుడు ఒక విషయం స్పష్టమవుతూ వచ్చింది: పిల్లలకు తెలియని మూల ఇంట్లో ఉండదు. కనెక్టికట్ రాష్ట్రంలో గిల్‌ఫర్డ్ అనే ఊళ్లో 2018 జనవరిలో స్నేహితుడి ఇంట్లో ఒక పదిహేనేళ్ల బాలుడు తుపాకీ పేలి చనిపోయాడు. ఆ తుపాకీకి తాళం ఉంది. కానీ తాళంచెవీ తూటాలూ దానితోనే ఒకే డబ్బాలో ఉన్నాయి. అప్పటి రాష్ట్ర చట్టం తూటాలు నింపిన తుపాకులకే వర్తించేది కనుక యజమాని ఆ చట్టం కిందికి రాలేదు. ఆ బాలుడి తల్లిదండ్రుల పోరాటంతో 2019లో చట్టం మారి, తూటాలు ఉన్నా లేకపోయినా తుపాకీకి తాళం తప్పనిసరి అయింది. అతని పేరుతో ఈథన్ చట్టంగా పిలిచే దానినే దేశమంతటికీ వర్తింపజేయాలని ప్రతినిధుల సభ సభ్యురాలు రోజా డెలారో బిల్లు పెట్టారు. 2022 జూన్‌లో మరికొన్ని ప్రతిపాదనలతో కలిపి ప్రతినిధుల సభ దాన్ని ఆమోదించింది గాని సెనేట్‌లో ముందుకు సాగలేదు. ఆ నెలాఖరున అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన ఉభయపక్ష చట్టంలో 21 ఏళ్లలోపు కొనుగోలుదారులపై అదనపు పరిశీలన ఉంది, రాష్ట్రాలకు నిధులు ఉన్నాయి, ఇంట్లో తాళం వేయాలన్న నియమం లేదు.

కేబుల్ లాక్‌తో నాకు ఎదురైన రెండవ ఇబ్బంది సమయం. రాత్రి చీకట్లో తాళంచెవి వెతికి, తాళం తీసి, తీగ లాగి, మ్యాగజీన్ పెట్టేసరికి నాకు ముప్పావు నిమిషం పట్టింది. ఆత్మరక్షణ కోసం కొన్నవారు తాళాన్ని వ్యతిరేకించేది ఇందుకే, వారి ఆందోళనను నేను కొట్టిపారేయను. 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పులో ఇంట్లోని తుపాకీని ఎప్పుడూ విడదీసి గాని తాళం వేసి గాని ఉంచాలన్న వాషింగ్టన్ నగరపు నియమాన్ని కొట్టివేసింది కూడా, అది ఇంట్లో తుపాకీని ఆత్మరక్షణకు పనికిరాకుండా చేస్తోందనే. అయితే ప్రమాదాల నివారణ కోసం తుపాకులు ఎలా భద్రపరచాలో చెప్పే చట్టాలను తన విశ్లేషణ చెల్లకుండా చేయదని అదే తీర్పులో కోర్టు చెప్పింది. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందు ఎంత ఇరుకో, ఎంత విశాలమో తేల్చేది చివరికి తాళం ఎంత వేగంగా తెరుచుకుంటుందన్న విషయమే. అందుకే నేను రెండవ వస్తువు వైపు వెళ్లాను.

వేలిముద్ర పెట్టెను 130 డాలర్లకు ఆన్‌లైన్‌లో కొన్నాను. ప్రకటనలో అర సెకనులో తెరుచుకుంటుందని రాశారు, వందల కొద్దీ ఐదు నక్షత్రాల అభిప్రాయాలు ఉన్నాయి. పెట్టె చూడడానికి ముచ్చటగా ఉంది, లోపల మెత్తని గుడ్డ, చిన్న దీపం. సూచనల ప్రకారం నా కుడి చూపుడు వేలు మూడుసార్లు ఆనించి నమోదు చేశాను, పచ్చ దీపం వెలిగింది, తెరుచుకుంది. అలా పన్నెండు రోజులు నిశ్చింతగా వాడాను. పదమూడవ రోజు నా భార్య దుమ్ము తుడుస్తూ అనుకోకుండా వేలిముద్ర చదివే గాజు పలక మీద బొటనవేలు ఆనిస్తే మూత తెరుచుకుంది. ఆమె వేలిముద్ర మేము నమోదు చేయలేదు. ఆమె నన్ను పిలిచిన గొంతు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. తరువాత నా ఎడమచేతి వేళ్లతో, ఆమె వేళ్లతో ప్రయత్నిస్తే ప్రతి వేలికీ తెరుచుకుంది.

విషయం ఏమిటంటే, ఈ రకం పెట్టెల్లో కొన్నింటికి వేలిముద్ర సరిగా నమోదు కాకముందు ఎవరి వేలికైనా తెరుచుకునే స్థితి ఉంటుంది. నమోదు సక్రమంగా పూర్తికాకపోయినా పెట్టె మన వేలికి తెరుచుకుంటుంది కాబట్టి, పని పూర్తయిందనే మనం నమ్ముతాము. 2023 అక్టోబరులో ఇలాంటి లోపంతోనే సుమారు 61,000 పెట్టెలను వెనక్కి రప్పించారు. ఆ ప్రకటనలో పన్నెండేళ్ల బాలుడి మరణం ప్రస్తావన ఉంది. 2024 ఆరంభంలో మరికొన్ని కంపెనీల పెట్టెలు లక్షకు పైగా అదే కారణంతో వెనక్కి వెళ్లాయి. నేను కొన్న నమూనా ఆ జాబితాల్లో లేదు. అమ్మిన సంస్థకు రాస్తే సూచనల పుస్తకం మరొకసారి చదవమన్నారు, మూడవ లేఖ తరువాత డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ పెట్టెను అమ్మకం నుంచి తీసివేశారా అన్న నా ప్రశ్నకు జవాబు రాలేదు.

లోపం లేని వేలిముద్ర పెట్టె అయినా నాలాంటి వారికి సరిపడదని నా అభిప్రాయం. స్టోరులో రోజంతా కూలర్ల దగ్గర పనిచేసి, చలికాలంలో పగిలిన వేళ్లతో ఇంటికి వచ్చినప్పుడు, డబ్బు వాపసు తీసుకునే ముందు వరుసగా ఇరవైసార్లు ప్రయత్నించి చూశాను. ఆరుసార్లు నా వేలినే అది గుర్తించలేదు. పరాయి వేలికి తెరుచుకొని, యజమాని వేలికి మొరాయించే తాళాన్ని ఎవరికీ సిఫారసు చేయలేను.

ఈ పెట్టె వల్ల నేను తెలుసుకున్నది మరొకటి ఉంది. లోపమున్న పెట్టెలను వెనక్కి రప్పించిన సంస్థ వినియోగ వస్తువుల భద్రతా సంఘం. ఊయల, టోస్టర్, ఆటబొమ్మ, ఏది ప్రమాదకరమైనా ఆ సంఘం జోక్యం చేసుకోగలదు, తుపాకీ పెట్టె విషయంలోనూ చేసుకుంది. పెట్టె లోపల ఉన్న తుపాకీ విషయంలో మాత్రం దానికి అధికారం లేదు. 1972లో ఆ సంఘాన్ని ఏర్పరచిన చట్టమే తుపాకులను దాని పరిధి నుంచి తప్పించింది. పిల్లవాడి చేతికి అందకుండా చూడవలసిన వస్తువుపై పర్యవేక్షణ ఉండి, అందకూడని వస్తువుపైనే లేకపోవడం ఏ తల్లిదండ్రులూ అంగీకరించగల సంగతి కాదు. శాసనసభ్యురాలు సభలో దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటివేశారు, దీనికి ఇంకా సమయం ఇచ్చి ఉండవలసింది.

మూడవది ఇప్పుడు నా పడకగదిలో ఉన్నది. ఐదు మీటలు ఉన్న యాంత్రిక తాళం, దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు, ధర 240 డాలర్లు. విద్యుత్తు లేదు, బ్యాటరీ లేదు, ఫోనుతో సంబంధం లేదు. మీటలను ఒక్కొక్కటిగానూ, రెండేసి కలిపీ నొక్కవచ్చు కాబట్టి వెయ్యికి పైగా కలయికలు సాధ్యం. కంపెనీ ఒక కలయికతో పంపుతుంది, దాన్ని మార్చడానికి ఒక చిన్న పనిముట్టూ ఒక కాగితమూ జతచేస్తుంది. ఆ కాగితంలోని బొమ్మలు స్పష్టంగా లేవు, మొదటిసారి మార్చడానికి నాకు గంట పట్టింది, మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి రేపు చూద్దామనుకున్నాను. ఆక్స్‌ఫర్డ్ ఇంట్లోని మూడు సున్నాలు గుర్తుకు వచ్చి పూర్తిచేశాను. ఈ పెట్టెలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే: కలయిక మార్చనిదే తాళం పడకుండా తయారుచేయడం వారికి అసాధ్యం కాదు. అడుగున ఉన్న నాలుగు రంధ్రాల ద్వారా అలమర చెక్కకు బోల్టులు బిగించాను. బిగించకపోతే పెట్టెను పెట్టెగానే ఎత్తుకుపోవచ్చు.

చీకట్లో ఇరవైసార్లు తెరిచి చూశాను. ప్రతిసారీ నాలుగైదు సెకన్లు పట్టింది, రెండుసార్లు తప్పు మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టినప్పుడు పది సెకన్లు పట్టింది. ఆత్మరక్షణకు తాళం అడ్డమన్న వాదనకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. తాళంచెవి లేదు కాబట్టి దాన్ని దాచే బెంగ లేదు. కలయిక నా భార్యకూ నాకూ మాత్రమే తెలుసు, కాగితం మీద ఎక్కడా రాయలేదు, పుట్టినరోజులతో దానికి సంబంధం లేదు.

ఇంతవరకు రాసినదంతా నేను అబ్బాయిని మనసులో పెట్టుకొని మొదలుపెట్టిన అన్వేషణే. శాసనసభ్యురాలి మాటల్లో నా ఆలోచనను అమ్మాయి వైపు తిప్పిన భాగం ఒకటి ఉంది. అమెరికాలో 2022లో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,000 మందికి పైగా ఉంటే, వారిలో సగానికి మించి ఆత్మహత్యలే. 2020లో మొదలై, 1 నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాలకు తుపాకులే మొదటి కారణంగా ఉన్నాయి. యుక్తవయసులో నిరాశ ఉప్పెనలా వచ్చి, తరచుగా తగ్గిపోతుంది. ఆ గడియలో చేతికి ఏది అందుబాటులో ఉందన్న దాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. అన్ని జాగ్రత్తలూ చిన్నవాడి చుట్టూ తిప్పుకొనే మనం, అలమర పై అర అందుకోగల, సొరుగుల గుట్టు తెలిసిన, మనతో అన్నీ చెప్పుకోవడం మానేసే వయసులో ఉన్న పిల్లను మరిచిపోతాము. మా అమ్మాయికి ఏ కష్టమూ ఉన్నట్టు నాకు కనిపించదు. ప్రతి తల్లీ తండ్రీ అనుకునేది అదే. బూట్ల పెట్టె సంగతి తనకు ఎప్పుడో తెలుసని, ఉక్కు పెట్టె బిగించిన రోజున తనే చెప్పింది.

ఈ విషయంలో కేబుల్ లాక్‌కూ ఉక్కు పెట్టెకూ పోలిక లేదు. పెద్ద పిల్లలు ఉన్న ఇంటికి మూడవదే కొనమంటాను. ఆ ధర భరించలేనివారు ఈ సాయంత్రమే దగ్గరి పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఉచితంగా ఇచ్చే కేబుల్ లాక్ తెచ్చుకొని, తూటాలను వేరే గదిలో తాళం వేసి ఉంచి, తాళంచెవిని తమ ఒంటి మీదే పెట్టుకోవాలి. దానికి డబ్బు అక్కరలేదు.

శాసనసభ్యురాలి వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక్కచోట మాత్రం అది చాలలేదనిపించింది. మా రాష్ట్ర చట్టం తాళం వేయమంటుంది గాని, ఆ తాళాన్ని ఎవరు పరీక్షించి ఉండాలో చెప్పదు. కాలిఫోర్నియాలో ఇలాంటి పరికరాలు ప్రయోగశాలలో పరీక్షకు నిలిచి, రాష్ట్ర న్యాయశాఖ జాబితాలో చేరితేనే అమ్మకానికి వస్తాయి. ఆ పన్నెండు రోజులూ నేను చట్టాన్ని అక్షరాలా పాటించాను, నా పిస్టల్ తాళం వేసిన పెట్టెలోనే ఉంది, ఆ పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకునేది. ఈ వివరాలన్నీ రాసి, కొనుగోలు రసీదూ అమ్మిన సంస్థ ఇచ్చిన జవాబులూ జతచేసి, పోయిన నెలలో ఆమె కార్యాలయానికి పంపాను. వచ్చే సమావేశాల్లో పరికరాల పరీక్ష గురించి ఒక ప్రతిపాదన సిద్ధం చేస్తున్నారని, అవసరమైతే కమిటీ ముందుకు వచ్చి జరిగింది చెప్పగలరా అని వారు అడిగారు. వస్తానని, ఆ పదమూడవ రోజు సంగతి తానే చెబుతానని నా భార్య బదులు రాసింది.